పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు

చి. అమ్మలుకు,



నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. 'నీట్‌లో ర్యాంకు రాలేదు, బీఎస్సీలో పడ్డాను, ఇక ఆస్పత్రి గడప తొక్కే రాత నాకు లేదు' అని రాశావు. రాత సంగతి నాకు తెలీదు గానీ, 'పడ్డాను' అన్న మాట మాత్రం ఇకమీదట వాడకు. రేపు పీజీ ఇంటర్వ్యూలో అసలే వాడకు. డాక్టరుగారు చీటీ మీద రెండు ముక్కలు రాయడానికి ముందు ల్యాబు, ఎక్స్‌రే గది, డయాలసిస్ యూనిట్, రికార్డుల విభాగం వాటి పని అవి చేసి ఉండాలి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఇలాంటి వృత్తులను యాభైకి పైగా గుర్తించి, 10 వర్గాలు చేసింది. వాటిలో కొన్నింటికి నీ బయోకెమిస్ట్రీ మీదుగా దారి ఉంది. అయితే ఆ దారికి తయారీ పీజీ ఎంట్రన్స్ కోచింగ్‌తో మొదలవదు. ఈ వేసవిలో నువ్వు చెయ్యాల్సిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుతో మొదలవుతుంది.

నవ్వకు. ఆ రిపోర్టు జిరాక్స్ షాపులో బైండింగుతో సహా దొరుకుతుందని నాకూ తెలుసు. నువ్వు మాత్రం కొనొద్దు. నీ సొంతూరు కవిటి మండలంలో, అంటే ఉద్దానంలోనే ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. నీరంటారు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పని చెయ్యడమంటారు, పురుగు మందులంటారు, నొప్పి బిళ్లలంటారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి తెరిచారు. ఎక్కడెక్కడి పరిశోధకులో వచ్చి చూస్తున్న జబ్బు మీ వీధిలో ఉంటే, నువ్వు జిరాక్స్ షాపుకి వెళతావా?

నువ్వు పరీక్షలు చెయ్యక్కర్లేదు, సూది అసలే పట్టకూడదు. మీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుగారి అనుమతి తీసుకుని, ఆశా కార్యకర్త వెంట ఒక్క వీధి తిరుగు. ఇంటింటికీ తిరగమంటున్నాను, క్యాంపులో కూర్చోమని కాదు. క్యాంపుకి కాళ్లు వాచినవాళ్లు, అనుమానం ఉన్నవాళ్లే ముందు వస్తారు. అక్కడ నూటికి ఇంతమంది అని లెక్క కడితే ఊరంతా జబ్బే అనిపిస్తుంది. పొద్దున్నే జీడితోటలోకి పోయినవాడు ఆ లెక్కలోకే రాడు. స్టాటిస్టిక్స్ పుస్తకంలో శాంపిల్ అధ్యాయం చెప్పేది ఇదే. వీధిలో ఒకసారి చూస్తే పరీక్షలో మర్చిపోవు.

ఇంకొకటి. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఒకసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనరు. తేడా మూడు నెలలకు పైగా ఉందని తేలాలి. అంటే అదే మనిషిని మళ్లీ పట్టుకోవాలి. ఇప్పుడు చెప్పు, మీ వీధిలో అప్పారావులు ఎంతమంది? ఇంటిపేర్లూ అవే. రిజిస్టరులో 'అప్పారావు, 45' అని రాసి వచ్చేస్తే మూడు నెలల తర్వాత ఏ అప్పారావు రక్తం తీస్తారు? అందుకే పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు. ఆ రిజిస్టరు పీహెచ్‌సీలోనే ఉంటుంది. నీ రిపోర్టులో ఒక్క పేరు కూడా కనపడకూడదు, అంకెలే ఉండాలి.

'మందులేమైనా వాడుతున్నారా' అని అడిగితే లేదనే అంటారు. కిళ్లీ కొట్టులో కొనే ఒళ్లు నొప్పుల బిళ్ల వాళ్ల లెక్కలో మందు కాదు. గూట్లో ఉన్న బిళ్లల అట్టలు తీసి చూపించమను. వాళ్లే తెచ్చి నీ ఒళ్లో పోస్తారు.

నేను బతికిందంతా ల్యాబులోనే కాబట్టి ఒక్కటి చెప్పనివ్వు. సిరంజిలో రక్తాన్ని ట్యూబులోకి గట్టిగా నొక్కి వదిలితే కణాలు చితికి సీరం ఎర్రబడుతుంది. అప్పుడు పొటాషియం లేనిది ఉన్నట్టు ఎక్కువ చూపిస్తుంది. డయాలసిస్ రోగి విషయంలో ఆ అంకె చూసే వైద్యం నిర్ణయమవుతుంది. అలాంటి శాంపిల్‌ని వెనక్కి పంపి 'మళ్లీ తీయండి' అనాలి. వార్డులో వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ. మీ ప్రాక్టికల్స్‌లో రీడింగు కుదరకపోతే పక్కవాడి రికార్డు చూసి దిద్దుకుంటారే, ఆ అలవాటు ఇప్పుడే మానెయ్యి. ఏ పీజీ కూడా తర్వాత దాన్ని మాన్పించలేదు.

ఇక కోర్సులు. పోషకాహారం ఇష్టమైతే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ చూడు. 1918లో కూనూరులో ఒక చిన్న ల్యాబుగా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీకి వాళ్లదే ఎంట్రన్స్. ముంబై టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్)లో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌కి ఏ డిగ్రీ అయినా చాలు. పబ్లిక్ హెల్త్ పీజీ అయిన ఎంపీహెచ్‌కి ఒక్కోచోట ఒక్కో అర్హత అడుగుతారు. ఎవరో చెప్పారని కాకుండా ఆ ఏటి ప్రాస్పెక్టస్ నువ్వే చదువు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఎంట్రన్స్ సీయూఈటీ పీజీ కొన్నేళ్లుగా మార్చిలో జరుగుతోంది, కాబట్టి ఆఖరి ఏడాది సంక్రాంతికి ముందే దరఖాస్తుల మీద కన్నేసి ఉంచాలి. ఏ కోర్సు అయినా అడగాల్సింది ఒకటే: ఇది పూర్తయ్యాక ఏ రిజిస్ట్రేషన్ వస్తుంది, ఆస్పత్రిలో ఎన్ని నెలలు పని చేయిస్తారు? జవాబు చెప్పడానికి నీళ్లు నమిలితే ఆ కాలేజీ మనకి వద్దు.

అమెరికాలో మీ వదినని చూశావుగా. అక్కడ డాక్టరు చదువే డిగ్రీ తర్వాత. అక్కడి ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ మార్కులతో పాటు, డిగ్రీ రోజుల్లో రోగుల దగ్గర ఏం చేశావో కూడా రాయమంటారు. మనకి ర్యాంకు ఒక్కటే చాలు. ఈ ఒక్క విషయంలో వాళ్ల పద్ధతే నాకు నచ్చుతుంది.

నీట్ మళ్లీ రాయాలని ఉంటే రాయి, కాదనను. కానీ దానికోసం డిగ్రీ మధ్యలో ఆపకు.

ఆన్‌లైన్‌లో న్యూట్రిషన్ ఎమ్మెస్సీ అని ఎవరో ఫోన్ చేస్తున్నారన్నావు. ముందు చెప్పిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వచ్చే చదువుల్ని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ 2025లో ఆపేసింది. అందులో న్యూట్రిషన్ ఉంది, మైక్రోబయాలజీ ఉంది, సైకాలజీ కూడా ఉంది. మళ్లీ ఫోన్ వస్తే ఈ ముక్క చెప్పి పెట్టెయ్యి. అడ్వాన్సు అని ఒక్క రూపాయి కూడా కట్టకు. మీ నాన్నకి కూడా చెప్పు.

ఇట్లు,
పెదనాన్న