అక్షాంశ రేఖాంశములను సరిచూచుట ఎట్లు?

భూగోళముపై ఏ స్థలమునైనను రెండు సంఖ్యలతో గుర్తింపవచ్చును. భూమధ్యరేఖ నుండి ఉత్తరమునకో దక్షిణమునకో గల కోణదూరము అక్షాంశము. గ్రీనిచ్ రేఖ నుండి తూర్పునకో పడమరకో గల కోణదూరము రేఖాంశము. ఉర్దూలో వీనిని అర్జ్-ఉల్-బలద్, తూల్-ఉల్-బలద్ అందురు. రెడ్డిగూడెము సుమారు 16.9 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 80.7 డిగ్రీల తూర్పు రేఖాంశముల వద్ద నున్నది.

ఈ సంఖ్యలు నేడు భూగోళ పాఠమునకు మాత్రమే చెందినవి కావు. 2020 డిసెంబరులో జగ్గయ్యపేట సమీపమునగల తక్కెళ్లపాడులో ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వే ఆరంభమైనది. 2021లో దేశమున ప్రవేశపెట్టిన 14 అంకెల భూఆధార్ సంఖ్యకు భూమి మూలల అక్షాంశ రేఖాంశములే ఆధారము. రైతు తన మామిడితోటను గట్టును బట్టి ఎరుగును. కంప్యూటరు సంఖ్యను బట్టి మాత్రమే ఎరుగును. సంఖ్య తప్పినచో రికార్డులో తోటయే తరలిపోవును. కావున ప్రోగ్రాము వ్రాయువారు సంఖ్యను స్వీకరించుటకు ముందే పరీక్షింపవలెను.

మొదటి పరీక్ష హద్దులకు సంబంధించినది. అక్షాంశము −90కిని 90కిని నడుమ, రేఖాంశము −180కిని 180కిని నడుమ ఉండవలెను. ఇచట ఒక మెలకువ కలదు. కంప్యూటరు గణితములో 'సంఖ్య కానిది' అను ఒక విలువ యున్నది. దానిని దేనితో పోల్చినను చిన్నది కాదు, పెద్దది కాదు అనియే సమాధానము వచ్చును. అందుచే 'హద్దు దాటినచో త్రోసివేయుము' అని వ్రాసిన ఆ విలువ లోనికి చొరబడును. 'హద్దులలో నున్నచో మాత్రమే అంగీకరింపుము' అని వ్రాసిన చొరబడలేదు. అట్లే ఖాళీ గడిని సున్నగా మార్చరాదు. రెండును సున్నలైన స్థలము ఆఫ్రికాకు పడమట గినీ సింధుశాఖలో నున్నది.

రెండవ తప్పు తారుమారు. వాడుకలో అక్షాంశమును ముందు చెప్పుదుము. 2016లో ప్రమాణముగా ప్రకటింపబడిన జియోజేసన్ పద్ధతిలో రేఖాంశము ముందు వచ్చును. టోక్యో రేఖాంశము సుమారు 139.7. అది అక్షాంశపు గడిలో పడినచో 90 దాటినందున హద్దు పరీక్షయే పట్టుకొనును. మన రాష్ట్రపు రేఖాంశములన్నియు 90 లోపువే. రెడ్డిగూడెము సంఖ్యలు తారుమారైనచో 80.7 ఉత్తరము, 16.9 తూర్పు అగును. అది ఆర్కిటిక్ సముద్రములో స్వాల్‌బార్డ్ దీవుల చెంత నున్నను హద్దు పరీక్షలో నెగ్గును! కావున ప్రపంచపు హద్దులు మనకు చాలవు. ఆంధ్రప్రదేశ్‌కు అక్షాంశము 12 నుండి 20 వరకు, రేఖాంశము 76 నుండి 85 వరకు అని వేరొక హద్దు విధింపవలెను.

మూడవ తప్పు మరింత సూక్ష్మమైనది. డిగ్రీకి 60 నిమిషములు గనుక 16.9 డిగ్రీలనగా 16 డిగ్రీల 54 నిమిషములు, 80.7 అనగా 80 డిగ్రీల 42 నిమిషములు. వీనిని ఎవరైనను 16.54, 80.42 అని నమోదు చేసినచో గ్రామము దాదాపు 50 కిలోమీటర్లు జరిగి, కృష్ణ కావలి తుళ్లూరు పరిసరములకు చేరును. ఇది రాష్ట్రపు హద్దు పరీక్షలోను నెగ్గును. దీనిని పట్టుటకు సంఖ్యతో పాటు వ్రాసిన గ్రామనామమును తీసికొని, ఆ బిందువు ఆ గ్రామపు ఎల్లలలో నున్నదా అని చూడవలెను.

దీనినిబట్టి తెలియునది ఒక్కటే: రూపము సరిగా నున్నంత మాత్రమున సంఖ్య సత్యము కాదు. సత్యము తేలుటకు వేరొక సాక్ష్యము కావలెను. 1802లో మద్రాసు వద్ద ఆధారరేఖను కొలిచి త్రికోణ సర్వేను ఆరంభించిన లాంబ్టన్ మార్గమును ఇదియే. లెక్కలో వచ్చిన పొడవును, దూరమున మరొక ఆధారరేఖను నేలపై కొలిచి సరిచూచుట ఆ సర్వే సంప్రదాయము.

పరీక్షలో ఓడిన సంఖ్యను ప్రోగ్రాము తనంతట తాను దిద్దరాదు. కారణమును తెలిపి, నమోదు చేసినవారికే త్రిప్పి పంపవలెను. ఊహతో చేసిన దిద్దుబాటు రెండవ తప్పు కావచ్చును. అది ఎవరి కంటను పడదు.

విద్యార్థులు తమ గ్రామపు సంఖ్యలను తీసికొని, సరియైన జంట, తారుమారైన జంట, నిమిషములను దశాంశములుగా వ్రాసిన జంట, సున్నల జంట అను నాలుగింటితో తమ ప్రోగ్రామును పరీక్షింతురు గాక. మొదటిది మాత్రమే నెగ్గి, తక్కిన మూడును నిలిచిపోయినచో ఆ ప్రోగ్రాము రైతుకు కొంత మేలు చేయగలదని నమ్మవచ్చును.