బొమ్మ చూసి బొమ్మ వేయడం: ఆయిల్ రంగుల పాఠం



మన హాస్టల్లో ప్రతి బ్యాచిలోనూ బొమ్మలు వేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటారు. పెన్సిలుతో హీరోల బొమ్మలు చక్కగా వేస్తారు. ఆయిల్ రంగులనేసరికి అవి మనవి కావనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఎం.ఎ.లో చేరాక స్కాలర్‌షిప్పు డబ్బుల్లో కొంత మిగిల్చి ఐదు ట్యూబులు కొన్నాను. నేర్పేవారు లేరు. అందుకని ఒక పాత చిత్రాన్నే గురువుగా పెట్టుకున్నాను.

అది డచ్చి చిత్రకారుడు యొహానెస్ వెర్మీర్ 1665 ప్రాంతంలో వేసిన ‘ముత్యపు చెవిపోగు బాలిక’. నెదర్లాండ్స్‌లో హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. 1881లో వేలంలో రెండు గిల్డర్లకు, పైన ముప్పై సెంట్లకు అమ్ముడుపోయిందట! కొలత 44.5 × 39 సెం.మీ. మాత్రమే, మన ట్రంకు పెట్టె మూతకన్నా చిన్నది. ఒకే ముఖం, ఒకే వైపు నుంచి వెలుతురు, వెనకంతా చీకటి. కొత్తవాడికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

ముందు ప్రింటు మీద గళ్ళు గీసి, అన్నే గళ్ళు కాన్వాసు మీద పెద్దవిగా గీశాను. గోడల మీద పెద్ద బొమ్మలు వేసే పెయింటర్లు చేసేదీ ఇదే. తర్వాత గోధుమ రంగును టర్పెంటైన్‌లో పలుచగా కలిపి మొదటి పూత వేయాలి. ఇక్కడే నేను తప్పు చేశాను. కళ్ళు, పెదవులు ముందు వేశాను. అట్ట ముఖంలా వచ్చింది. తుడిచేసి, కళ్ళు సగం మూసి ప్రింటును చూశాను. వివరాలన్నీ పోయి వెలుగు, నీడ రెండే మిగిలాయి. ముందు వేయవలసినవి ఆ రెండే.

ఇంకోటి గమనించండి. ఆ పిల్ల ముక్కు దూలానికీ అవతలి చెంపకూ మధ్య గీతే లేదు. చెవిపోగుకు కొక్కెం లేదు. పైన ఒక తెల్లటి మచ్చ, కింద కాలరు తెలుపు పడిన మసక మెరుపు, అంతే. ముత్యమని మన కన్నే అనుకుంటుంది. వెనక ఉత్త నలుపే అనుకున్నాను గాని, 2018లో మొదలైన పరిశీలనలో అక్కడ ఒకప్పుడు ఆకుపచ్చ తెర ఉండేదని తేలింది.

అవిసె నూనె నీళ్ళలా ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకు రోజులు పడుతుంది. కింది పూతలో నూనె తక్కువ, పై పూతలో ఎక్కువ ఉండాలి. తిరగేస్తే తర్వాత పగుళ్ళు వస్తాయి. మరో సంగతి, హాస్టల్లో ఉండేవాళ్ళు తప్పక గుర్తుంచుకోవాలి: ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మంచం కింద తోయొద్దు. వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. నీళ్ళలో తడిపి ఆరుబయట పరచండి.

వెర్మీర్ తలపాగా నీలానికి లాపిస్ లాజులి అనే రాయిని నూరి వాడాడు. మన ట్యూబులోది ఫ్యాక్టరీ నీలం. దానికేం, పని జరుగుతుంది.

రెండు నెలలకు కాపీ పూర్తయింది. ఆ ధైర్యంతో సెలవుల్లో అమ్మ బొమ్మ మొదలుపెట్టాను. మా ఇంట్లో అమ్మ ఫొటో అంటే రేషను కార్డులో గోరంత ముఖమే. గడప దగ్గర కూర్చోబెట్టి, చేయి అలవాటుపడిన రంగులే కలిపాను, తెలుపు, పసుపు, కాస్త ఎరుపు. అమ్మ చూసి, “బాగుంది గానీ ఇది నేను కాదురా, ఎవరో దొరసాని” అంది.

నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వెలుగునీడలు చూడడం నేర్చుకున్నాను, అమ్మ రంగును మాత్రం చూడలేదు. మర్నాడు మళ్ళీ కూర్చోబెట్టాను. ఎండలో పనిచేసిన ఆ నుదుటి మీద మెరుపు తెల్లగా లేదు, ఆకాశం నీలం కలిసి ఉంది. నీడలో ఇటుక ఎరుపుంది. తెలుపు ట్యూబు పక్కన పెట్టి, గోధుమ, ఎరుపు, కొంచెం నీలంతో మొదలుపెట్టాను.

ఆ రెండో బొమ్మ ఇప్పుడు నా రూములో ఆరుతోంది. సంక్రాంతికి ఇంటికి తీసుకెళ్తాను.