కోతలయ్యాక కుంచె

నూజివీడులో ఏ పనికైనా ముహూర్తం పెట్టేది మామిడి కాయే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కమీషన్ కొట్లో గుమాస్తాకి, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాసేవాళ్లకి, తోట కౌలుకి పట్టినవాళ్లకి తిండికే తీరిక ఉండదు. చిన్నప్పుడు ఆపేసిన బొమ్మల చదువు మళ్లీ మొదలెడదామనుకుంటే ముందు ఈ మూడు నెలల సంగతి తేల్చుకోవాలి.

నాకీ బుద్ధి డబ్బు పోగొట్టుకున్నాక వచ్చింది. ఒక ఏడాది సంక్రాంతి హుషారులో దూరవిద్య కోర్సు ఒకదానికి ఫీజు కట్టేశాను. పరీక్ష జూన్‌లో పడింది. ఆ పొద్దున నేను కాటా దగ్గర నిలబడి కలెక్టర్ రకం మామిడి కాయల తూకం రాస్తున్నాను. హాల్ టికెట్ చొక్కా జేబులోనే ఉంది, చెమటకి తడిసి.

కాబట్టి కోర్సు పేరు చూసేముందు దాని క్యాలెండర్ చూడండి. ఇగ్నోలో ఏడాదికి రెండుసార్లు, జనవరిలోనూ జూలైలోనూ చేర్చుకుంటారు. పరీక్షలు జూన్‌లోనూ డిసెంబరులోనూ ఉంటాయి. జూలైలో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సులో చేరితే కోతలయ్యాక మొదలై, పూత రాకముందే పరీక్ష అయిపోతుంది. జనవరిలో చేరితే నా కథే. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్‌ఐఓఎస్‌లో పబ్లిక్ పరీక్షలు ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఇంకోసారి జరుగుతాయి. మనకి రెండోదే గతి.

ఎన్‌ఐఓఎస్ గురించి చాలామందికి తెలియనిది ఒకటుంది. పదో తరగతి స్థాయిలోనూ ఇంటర్ స్థాయిలోనూ అక్కడ పెయింటింగ్ ఒక సబ్జెక్టు. అన్నీ మళ్లీ చదవనక్కర్లేదు. పార్ట్ అడ్మిషన్ కింద ఆ ఒక్కదానికే చేరవచ్చు. ఇరవై ఏళ్లుగా పెన్సిల్ పట్టనివాళ్లకి ఇదే మంచి మెట్టు. థియరీ కాస్త, ప్రాక్టికల్ కాస్త. తప్పినా కొంప మునగదు.

డిగ్రీ కావాలంటే మాత్రం జాగ్రత్త. దూరవిద్యలో నడపకూడని కోర్సులంటూ యూజీసీ 2020 నిబంధనల్లో ఒక జాబితా ఉంది. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, న్యాయశాస్త్రం వగైరాలతోపాటు విజువల్ ఆర్ట్స్ కూడా అందులో ఉంది. ఎవరైనా ఫోన్ చేసి 'ఇంట్లో కూర్చుని బీఎఫ్‌ఏ, మూడేళ్ల పట్టా' అంటే, యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరు, ఆ కోర్సు పేరు, ఆ ఏడాది మూడూ కలిసి కనిపించేదాకా పైసా కట్టకండి. యూనివర్సిటీకి గుర్తింపు ఉన్నంతమాత్రాన దాని ప్రతి కోర్సుకీ ఉన్నట్టు కాదు. సర్టిఫికెట్ కోర్సయినా సరే, విజయవాడలోని ఇగ్నో ప్రాంతీయ కేంద్రానికి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: ఈ కోర్సుకి ప్రాక్టికల్స్ చేయించే స్టడీ సెంటర్ నాకు అందే దూరంలో ఉందా? లేదంటే ప్రతి ప్రాక్టికల్‌కీ రైలెక్కాలి. సర్కారు కొలువులో ఉన్నవాళ్లు చేరేముందే ఆఫీసులో కాగితం పెట్టి అనుమతి తీసుకోవడం మంచిది.

స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు కావాలనుకునేవారి దారి వేరే. ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే టెక్నికల్ సర్టిఫికెట్ పరీక్షల్లో డ్రాయింగ్ లోయర్, ఆ తర్వాత హయ్యర్ పాసవ్వాలి. వీటికి ఇంటి దగ్గర సాధన చేసి కూర్చునేవాళ్లే ఎక్కువ. ఆపైన టీటీసీ అని 42 రోజుల వేసవి శిక్షణ ఉంటుంది. తమాషా ఏమిటంటే ఆ 42 రోజులూ సరిగ్గా రసాలు దిగే రోజులే. ఆ ఒక్క సీజన్ జీతం వదులుకోక తప్పదు. షావుకారుకి ఏడాది ముందే చెప్పుకోండి, మేలో చెప్తే తిడతాడు, న్యాయమే. టీటీసీకి వయోపరిమితి కూడా ఉంది, నోటిఫికేషన్ చదివాకే ఆశ పెట్టుకోండి.

కాగితాల సంగతి ఇంతే. అసలు కష్టం చేతిది.

దూరవిద్యలో పక్కన నిలబడి 'ఆ గీత తుడిచెయ్' అనేవాడు ఉండడు. ఆ లోటు మనమే పూడ్చుకోవాలి. ఒక చిన్న రసం కాయ తీసుకోండి. కిటికీ పక్కన, ఒకే వైపు నుంచి వెలుగు పడేలా పెట్టండి. మొదటిసారి అందరూ కోడిగుడ్డు గీసి దానికి ముచ్చిక తగిలిస్తారు, నేనూ అంతే. రెండు రోజులు చూశాక ముచ్చిక దగ్గర ఒక భుజం కాస్త ఎత్తు, రెండోది జారుడు అని తెలిసింది. అడుగున ముక్కు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. సొన కారి ఎండినచోట మెరుపు చచ్చిపోయి మచ్చ నల్లగా కనిపిస్తుంది. అదే కాయని మగ్గబెట్టి వారంపాటు రోజుకో బొమ్మ గీయండి. ఆకుపచ్చ ఎక్కడినుంచి వదులుతుందో, పసుపు ముందు ఎక్కడ తేలుతుందో ఏ పుస్తకంలోనూ అంత వివరంగా ఉండదు. ఏడోనాడు మోడల్‌ని తినెయ్యొచ్చు, ఈ సౌకర్యం ఢిల్లీ ఆర్ట్ కాలేజీలో కూడా లేదు.

గీసినదాన్ని ఫోన్‌లో ఫొటో తీసి గురువుకి పంపేటప్పుడు ట్యూబ్‌లైటు కింద తీయకండి, పసుపు పాలిపోతుంది. పొద్దున్నే వసారాలో తీయండి. ఫోన్ కాగితానికి సమాంతరంగా ఉండాలి. ఒరిగితే మీరు గుండ్రంగా గీసిన గిన్నె కోలగా పడి, చెయ్యని తప్పుకి చీవాట్లు తినాలి. 'ఎలా ఉందండీ' అని అడగకండి, 'బాగుంది' అని జవాబొస్తుంది. 'నీడ అంచు గట్టిగా వచ్చిందా?' అని అడిగితే పనికొచ్చే మాట చెప్తారు.

పోస్టులో బొమ్మలు నేర్వడం కొత్తేమీ కాదు. 'పీనట్స్' బొమ్మల కథ గీసిన అమెరికన్ చార్లెస్ షుల్జ్ అలా నేర్చుకున్నవాడే.  చేరిన కరస్పాండెన్స్ స్కూలు పక్క ఊళ్లోనే ఉన్నా, వెళ్లి చూపించడానికి సిగ్గుపడి పాఠాలు పోస్టులోనే పంపేవాడు. పిల్లల బొమ్మలు గీసే పాఠంలో వచ్చింది సి ప్లస్. తర్వాత ఆ స్కూల్లోనే పాఠాలు దిద్దే ఉద్యోగం చేశాడు. మన దగ్గర అడివి బాపిరాజు చదివింది లా. బొమ్మలు మాత్రం బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర నేర్చుకున్నారు. ఆ కళాశాలకే తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు.

కళ చరిత్ర చదవడానికి కేంద్ర ప్రభుత్వం నడిపే స్వయం పోర్టల్ చాలు. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. నవంబరులో ఖాళీ ఆదివారాలు దొరికితే పుస్తకం మూసి బస్సెక్కండి. పెడనలో కలంకారీ అచ్చులు వేసేచోట ఒక పూట నిలబడితే కరక్కాయ నీళ్లలో నానిన గుడ్డ మీద నలుపు ఎలా పడుతుందో కనిపిస్తుంది. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్క బొమ్మ మీద కళ్లు దిద్దే చేతిని చూడండి, మణికట్టు కదలదు, వేళ్లే కదులుతాయి. స్కెచ్ పుస్తకం వెంట ఉంచుకోండి, అడిగి గీయండి. పని చేసుకునేవాళ్లకి అడ్డం రాకుండా గోడ పక్కన నిలబడండి.

సీజన్ మూడు నెలలు పూర్తిగా మానేస్తే చెయ్యి మొద్దుబారుతుంది. నేను కాటా చీటీల వెనక గీస్తాను. లోడింగ్‌కీ లోడింగ్‌కీ మధ్య పది నిమిషాలు, బాల్‌పెన్నుతో, తుడిచే వీలు లేకుండా. హమాలీలు ఎప్పుడూ కదులుతూనే ఉంటారు కాబట్టి వీపు గీత ఒక్కటే పడుతుంది. జూలైలో ఆ చీటీలన్నీ పరిచి చూస్తే సగం వీపులూ, కొన్ని లారీ టైర్లూ. ఒకదాని మీద సొన మరక.