కట్టెల పొయ్యి గల గదికి తగిన అగ్నిసూచక యంత్రము

పార్వతీపురం మన్యం జిల్లాలోని కురుపాం పరిసర కొండ గ్రామములలో పొయ్యి కేవలము వంటకే కాదు. అటకమీది విత్తనములకు పురుగు పట్టకుండ కాచునది దాని పొగయే. పుష్యమాసపు చలికి ఆదరువు దాని నిప్పే. ఇట్టి గదిలో అగ్నిసూచకమును అమర్చదలచినపుడు ఒక సందేహము ముందుగా తీరవలెను. నిత్యము పొగ ఉండుచోట, పొగకు మ్రోగు యంత్రము వలన ప్రయోజనమేమి?

పొగసూచకములు ముఖ్యముగా రెండు విధములు. మొదటిదానిలో అతిస్వల్పముగా నుండు అమెరిషియం-241 అను రేడియోధార్మిక పదార్థము గాలిని అయనీకరించి, కొద్దిపాటి విద్యుత్తును ప్రవహింపజేయును. పొగ చొరబడగనే ఆ ప్రవాహము తగ్గి అలారం మ్రోగును. భగ్గున లేచు మంటలను ఇది త్వరగా పసిగట్టును. రెండవదానిలో పొగ రేణువులపై పడి చెదరిన కాంతి గ్రాహకమును చేరినపుడు అలారం మ్రోగును. బొంత, దూది వంటివి మంట లేకుండ రాజుకొనునపుడు వెలువడు పొగకు ఇది మేలు. అయితే పొయ్యి ఉన్న గదికి ఈ రెండును తగవని మా అభిప్రాయము. పచ్చికట్టె పెట్టినను, పోపు వేసినను మ్రోగు యంత్రమునకు వారము తిరుగకముందే ఇంటివారు బ్యాటరీ ఊడదీయుదురు. వారిని నిందించి లాభము లేదు. ఎంపికయే సరియైనది కాదు.

అచ్చట ఉండదగినది ఉష్ణసూచకము. కప్పు దగ్గర వేడి సుమారు 57 డిగ్రీల సెల్సియస్‌కు చేరిననే గాని అది మ్రోగదు. దానిని పొయ్యికి నేరుగా పైన బిగింపరాదు. పొగసూచకము కంటె ఇది ఆలస్యముగా మ్రోగును గనుక, పడకగదిలో కాంతితో పనిచేయు పొగసూచకము కూడ ఉండవలెను. కొండల్లో గాలివానకు కరెంటు పోవుట మామూలే. బ్యాటరీతో నడచు రకమే మనకు శ్రేయస్కరము. నెలకొకసారి మీట నొక్కి పరీక్షింపవలెను. గడ్డికప్పుపై బయటినుండి పడిన నిప్పురవ్వను మాత్రము లోపలి యంత్రమేదియు వెంటనే పట్టలేదు.

ఇంతకంటె భయంకరమైనది కుంపటి. చలికి తలుపులు మూసి, కణకణలాడు నిప్పులను ప్రక్కన పెట్టుకొని నిద్రించువారికి పొగ కనిపించదు, మంటయు కనిపించదు. కాని ఆ నిప్పుల నుండి కార్బన్ మోనాక్సైడు వెలువడుచునే ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా కలియును. తలనొప్పి, వికారము తోచులోపలనే నిద్రితుడు స్పృహ తప్పవచ్చును. ఉష్ణసూచకము గాని, మామూలు పొగసూచకము గాని ఈ వాయువును గుర్తింపలేవు. దీనికి ప్రత్యేకమైన సూచకము కావలెను. దానిని తయారీదారు చెప్పిన ఎత్తులో అమర్చి, పెట్టెపై ముద్రించిన గడువు తీరగనే మార్చవలెను. అది ఉన్నదిగదా యని కుంపటిని గదిలో ఉంచుట మాత్రము తగదు.

వసతిగృహములలో వంటశాల వేరుగా నుండును. అచ్చటి అలారం అర్ధరాత్రి పడకగదులకు వినబడనిచో పెట్టియు ఫలము లేదు. ఒకటి మ్రోగిన తక్కినవియు మ్రోగునట్లు కలిపిన రకమును కమిటీవారు కొనుట మంచిది. మ్రోగగనే అందరు బయటపడి, ఆ పిమ్మటనే 101కు ఫోను చేయవలెను.