పోటీ పరీక్షల ప్రత్యేకం: గాయముల శోథను శమింపజేయు హైడ్రోజెల్‌లు

నీటిని విస్తారముగా పీల్చుకొనియు తాను కరగిపోక నిలుచు పాలిమర్ జాలమునకు హైడ్రోజెల్ అని పేరు. 1960లో చెకోస్లోవేకియా శాస్త్రజ్ఞులగు ఒట్టో విఖ్టర్లే, ద్రాహోస్లావ్ లిమ్‌లు దేహమున కనువగు ఇట్టి జెల్లును 'నేచర్' పత్రికలో వెల్లడించిరి. మెత్తని కాంటాక్ట్ లెన్సులు దాని సంతతియే. తడిగా నున్న గాయము త్వరగా మానునని 1962లో జార్జి వింటర్ పందులపై ప్రయోగించి నిరూపించెను. పుండు నారబెట్టవలెనను పాత నమ్మకమునకు ఇది గొడ్డలిపెట్టు.

గాయము రక్తస్తంభనము, శోథ, కణవృద్ధి, పునర్నిర్మాణము అను నాలుగు దశలలో మానును. శోథ శత్రువు కాదు, సూక్ష్మజీవుల నది హతమార్చును. చిక్కంతయు ఆ శోథ సకాలమున తొలగకపోవుటలోనే కలదు. మధుమేహరోగి పాదవ్రణమున, శోథను రగిల్చు ఎం1 స్థితిలోని మాక్రోఫేజ్ అను రక్షక కణములు మరమ్మతుకు తోడ్పడు ఎం2 స్థితికి మారక మొండికేయగా, చురుకైన ఆక్సిజన్ అణువులును, ప్రోటియేజ్ ఎంజైములును కలిసి, అప్పుడప్పుడే అంకురించు కణజాలమును హరించుచుండును.

ఇచ్చటనే ఇంజెక్షన్ జెల్లు అక్కరకు వచ్చును. పొలాక్జమర్ 407 అను పాలిమర్ యొక్క గాఢద్రావణము చల్లగా నున్నపుడు సూదిగుండ సులువుగా జారి, లోకరీతికి విపరీతముగా, దేహపు వెచ్చదనము సోకినంతనే చిక్కబడి, వంకరటింకరగా నున్న వ్రణపు లోతులను నింపును. కైటోసాన్, హయలురోనిక్ ఆమ్లములతోడను ఇట్టివి చేయుదురు. లోపల నిమిడ్చిన శోథహర ఔషధము మెల్లమెల్లగా వెలువడును. పరీక్షార్థి మరువరాని దేమన, శోథను అదుపుచేయు ఇట్టి జెల్లులలో అధికభాగము నేటికిని ప్రయోగశాలలోని ఎలుకల దశను దాటలేదు.