ఐగుప్తు జీవపు గురుతు

చదువవలసిన భాగము: అపొ. కార్య. 15:1–20; 17:22–31

అమెరికాలోని న్యూయార్కు పట్టణమందు మోర్గన్ గ్రంథాలయములో, చర్మపు కాగితములమీద చేతితో వ్రాసిన చిన్న పుస్తకమొకటి యున్నది. అందులో అపొస్తలుల కార్యములు, మొదటినుండి 15వ అధ్యాయము 3వ వచనమువరకు, ఐగుప్తు క్రైస్తవులదైన కోప్తు భాషలో నున్నవి. దాని వయస్సు దాదాపు 1,500 ఏండ్లు. చివరి పుటలో వ్రాతకు బదులు బొమ్మ యున్నది. పుట నిండ ఒక సిలువ. అయితే దాని తల ఉచ్చువలె గుండ్రముగా నున్నది. లోపల అల్లిక పని, ప్రక్కల పక్షులు, వాటిలో నెమళ్లు.

గుండ్రని తలగల ఈ ఆకారమును ఐగుప్తీయులు క్రీస్తునకు వేల ఏండ్లు ముందునుండియే ఎరుగుదురు. ‘అంఖ్’ అని దాని పేరు, జీవమని అర్థము. గుడి గోడలమీది బొమ్మలలో దేవతలు దీనిని ఫరో ముక్కునొద్ద పట్టుకొని చూపుదురు. రాజునకు ఊపిరి తామే ఇచ్చితిమని దాని భావము. అట్టి గురుతు వేదపుస్తకములో ఎట్లు నిలిచెను? విగ్రహములను విడిచి వచ్చిన మనము ఈ ప్రశ్న అడుగవలసినదే.

క్రీ.శ. 391 ప్రాంతమున అలెక్సంద్రియలో సెరాపిస్ గుడిని పడగొట్టిరి. అప్పుడు రాళ్లమీద సిలువవంటి అక్షరములు కనబడెనని సంఘ చరిత్రకారుడైన సోక్రటీసు (గ్రీకు జ్ఞానియైన సోక్రటీసు వేరు) వ్రాసెను. ఇవి మావని క్రైస్తవులు, కావు మావని అన్యులు వాదించుకొనిరి. ఆ పాత వ్రాత నెరిగి క్రీస్తును నమ్మిన కొందరు, దాని అర్థము రాబోవు జీవమని తెలిపిరి. మన వారికి గొప్ప సంతోషము! సోక్రటీసు మాత్రము, ఐగుప్తు పూజారులు క్రీస్తును ముందుగా ఎరిగి చెక్కిరని ఒప్పుకొనలేదు. పౌలు ఏథెన్సులో బలిపీఠముమీది వ్రాతను సువార్తకు వాడుకొనినట్లే ఇదియు అనెను. మాకును అదే సరియని తోచుచున్నది. ఐగుప్తీయులు జీవమును కోరుట తప్పు కాదు. అడిగిన చోటు తప్పు. సిలువగా మారినప్పుడు ఆ గురుతు ఆకారము దాదాపు అదే, ఇచ్చువాడు వేరు.

నెమలి మాంసము కుళ్లదని ఆ కాలపువారు తలంచిరి గనుక క్రైస్తవులు దానిని పునరుత్థానమునకు గురుతుగా గీసిరి. మన దేశములో నెమలిని చూడగానే కుమారస్వామి వాహనము జ్ఞప్తికి వచ్చును. ఈ బొమ్మను మీ గుడి గోడమీద వేయుడని మేము చెప్పము.

ఆ పుస్తకము ఆగిన వచనము చూడుడి. పౌలు బర్నబాలు అన్యజనులు దేవునివైపు తిరిగిన సంగతి చెప్పగా సహోదరులు మిగుల సంతోషించిరి. అక్కడనే వ్రాత ముగిసి బొమ్మ నిలిచినది. అన్యజనులు ఏమి విడువవలెనో యెరూషలేము పెద్దలు తీర్చిన తీర్పు ఇంకను ముందు, 20వ వచనములో నున్నది. ఆ వచనమును 17వ అధ్యాయముతో కలిపి ఈ నెల పెద్దల కూటములో చదువుడి. మన యిండ్లలో పాత గురుతులు ఏవి మిగిలియున్నవో, వాటికిప్పుడు మనము చెప్పు అర్థమేమో మాటలాడుకొనుడి.