ఊరు దాటినా ఓటు: కార్బియర్ తీర్పు

కెనడాలో ఆదివాసీ సమూహాలకు కేటాయించిన భూములే రిజర్వులు. చదువుకో, పనికో పట్నం చేరినవారికి సొంత సమూహపు మండలి ఎన్నికల్లోనే ఓటు దక్కేది కాదు. ఆదివాసీలకు వర్తించే కెనడా ‘ఇండియన్ చట్టం’లోని 77(1) సెక్షన్ ప్రకారం అప్పట్లో రిజర్వులో నివసించేవారే ఓటర్లు!

ఒంటారియోలోని బాచెవానా సమూహ సభ్యులైన కార్బియర్ తదితరులు దీన్ని సవాలు చేశారు. 1999 మే 20న కెనడా సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పిచ్చింది.

హక్కుల చార్టర్‌లోని 15వ సెక్షన్ ఇచ్చిన సమానత్వ హామీకి ఆ నిబంధన విరుద్ధమంది. బయటివారిని పెళ్లాడి చట్టపరమైన ఆదివాసీ గుర్తింపు కోల్పోయి, ఇండియన్ చట్టానికి 1985లో జరిగిన సవరణతో దాన్ని తిరిగి పొందిన మహిళల్లో ఎందరో రిజర్వుల వెలుపలే ఉన్నారు. వారికిది గొప్ప ఊరట. రిజర్వువాసుల స్థానిక ప్రయోజనాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని, మిగతావారికి ఓటే లేకుండా చేయడం తగదని కోర్టు వివరించింది. మార్పులకు 18 నెలల గడువిచ్చింది.

2000లో నిబంధనలు మారి, తపాలా ఓటు అందుబాటులోకి వచ్చింది.